రెండు డర్హంలు - నడుమ మన బందరు

మోరిస్‌విల్‌లో కాపురమున్న మనబోటి వాళ్ళకు డర్హం అంటే పొరుగూరు. ఆస్పత్రికో, పెళ్ళిపేరంటానికో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లల్ని చూసి రావటానికో తరచు వెళ్ళివస్తూనే ఉంటాం. మన ఊరి పొలిమేరలో కొంత భాగం డర్హం కౌంటీలోకే వస్తుంది. మనం ఎక్కి దిగే విమానాశ్రయం పేరులోనూ డర్హం ఉంది. అయితే అదే పేరుగల పెద్ద ఊరొకటి ఇంగ్లండు ఉత్తరభాగాన ఉన్నదనీ, దానికి వెయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రలో మన కృష్ణాజిల్లా బందరుకు కూడా ఒక మూల చోటు దక్కిందనీ మనలో చాలామందికి తెలియదు. నాకూ మొన్న మొన్నటి దాకా తెలియదు.

బంధువుల ఇంట శుభకార్యానికని లండను వెళ్ళినప్పుడు మూడు రోజులు తీరిక దొరికింది. రాణిగారి మేడలూ, మైనపు బొమ్మలూ ఇదివరకు చూసినవే. "తాతయ్యా, మన డర్హానికి పేరు ఇక్కడినుంచే వచ్చిందా? అయితే చూసి వద్దాం" అన్నది మా మనవరాలు. ఆ పిల్ల మాట కాదనలేక రైలెక్కాను. ఆ మూడు రోజుల్లో చూసినదీ, తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి ఈ సంచిక చదువరుల ముందు ఉంచుతున్నాను.

పేరు వెనుక పేరు

ముందుగా మన డర్హం సంగతి. మన వైపు ఊళ్ళు చాలావరకు రైలుబండి పెట్టిన ఊళ్ళు. 1849 ప్రాంతంలో బార్ట్‌లెట్ డర్హం అనే వైద్యుడు రైలు స్టేషనుకని సుమారు నాలుగెకరాల నేల ఇచ్చాడు. స్టేషనుకు ఆయన పేరు పెట్టారు, ఆ స్టేషను చుట్టూ ఊరు పెరిగింది. మన మోరిస్‌విల్ కథా అటువంటిదే. 1852లో జెరిమయా మోరిస్ రైలుదారికి నేల ఇచ్చాడు, ఆయన ఇంటిపేరు ఊరిపేరయింది. కనుక మన డర్హానికి పేరు తిన్నగా ఇంగ్లండు ఊరినుంచి రాలేదు, ఒక డాక్టరుగారి ఇంటిపేరునుంచి వచ్చింది. ఆ ఇంటిపేరు మాత్రం ఇంగ్లండు డర్హం నుంచి వచ్చినదే. మనలో కొండవీటివారు, వినుకొండవారు, గుంటూరువారు ఎలా ఉన్నారో, అక్కడ డర్హంవారు అలా ఉన్నారన్నమాట. ఊరు విడిచి ఎన్ని తరాలు గడిచినా ఊరు ఇంటిపేరై వెంట వస్తుంది. ఆ ఇంటిపేరు సముద్రం దాటి మళ్ళీ ఒక ఊరయింది. ఇప్పుడీ రెండు డర్హంలూ సోదరనగరాలు.

మన డర్హంలో డ్యూక్ విశ్వవిద్యాలయపు చాపెల్‌ను చూడనివారు ఉండరు. 210 అడుగుల ఆ గోపురం 1930-32 మధ్య లేచింది. దాన్ని చూసి ఇంగ్లండు డర్హం కథీడ్రలుకు నకలు కాబోలునని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. దాని గోపురానికి ఒరవడి కాంటర్‌బరీ కథీడ్రలుది. దాని రూపకల్పనలో ముఖ్యుడు జూలియన్ ఏబెల్ అనే నల్లజాతి వాస్తుశిల్పి. ఆయన నకాశాలు గీసిన విశ్వవిద్యాలయంలో ఆయన జాతి పిల్లలకు 1960 దశాబ్దం వచ్చేదాకా ప్రవేశమే లేదు. గోపురాల వెనుక ఇటువంటి కథలు ఎక్కడైనా ఉంటాయి. అసలు డర్హంలోనూ ఉన్నాయి.

ఆవు చూపిన కొండ

లండను కింగ్స్ క్రాస్ స్టేషనులో ఎడింబరో వైపు వెళ్ళే రైలెక్కితే డర్హానికి రమారమి మూడు గంటల ప్రయాణం. కుడిచేతి వైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. ఊరు సమీపించగానే రైలు 1857లో కట్టిన ఎత్తయిన వంతెనమీద నడుస్తుంది. కింద ఇళ్ళ కప్పులు, వాటికి ఎదురుగా గుట్టమీద మూడు బురుజుల కథీడ్రలు, పక్కనే కోట కనిపిస్తాయి. వేర్ నది ఆ గుట్టను మూడువైపులా చుట్టి పారుతుంది. శత్రువులు రాకుండా కందకం తవ్వే శ్రమ లేకుండా నదే ఆ పని చేసిపెట్టింది.

కథీడ్రలు అంటే పెద్ద చర్చి అని మనం అనుకుంటాం. ఆ మాటకు మూలం పీఠం. బిషప్పు కూర్చునే పీఠం ఉన్న చర్చి కథీడ్రలు, ఆయన పీఠాధిపతి. మన మెదక్‌లోనూ అటువంటిదే ఒకటి ఉంది. కరువు రోజుల్లో జనానికి పనీ కూడూ కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించినది, 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరుపుకున్నది. డర్హం పీఠాధిపతులు మాత్రం మతగురువులే కాక రాజులు కూడా. స్కాట్లండు సరిహద్దు కాపాడే బాధ్యత వారిది గనుక వారికి సొంత సేన, సొంత నాణెం, సొంత న్యాయస్థానం ఉండేవి. ఆ రాచరికం 1836లో పోయింది. 1072లో మొదలైన వారి కోట ఇప్పుడు విశ్వవిద్యాలయ విద్యార్థుల వసతిగృహం. జమీందారుగారి దివాణం కాలేజీ హాస్టలు కావటం మనవైపు కూడా చూసిందే.

ఇక ఈ ఊరి స్థలపురాణం. స్థలపురాణం అనే మాట కావాలనే వాడుతున్నాను, కథ వింటే మీరే ఒప్పుకుంటారు.

కత్‌బర్ట్ అనే సన్యాసి క్రీ.శ. 687లో ఈశాన్య తీరపు ద్వీపంలో కన్నుమూశాడు. లిండిస్‌ఫార్న్ మఠంలో ఆయన్ను ఉంచారు. పదకొండేళ్ళ తరువాత పెట్టె తెరిస్తే దేహం చెక్కుచెదరలేదని చెప్పుకున్నారు. అక్కడినుంచి ఆ చోటు యాత్రాస్థలమయింది. తరువాత సముద్రపు దొంగలైన వైకింగుల దాడులు మొదలయ్యాయి. 875లో మఠవాసులు ఇక అక్కడ నిలువలేక, తమ స్వామి దేహమున్న కొయ్యపెట్టెను భుజాన వేసుకుని ద్వీపం విడిచారు. ఏడేళ్ళు ఊరూరా తిరిగారు. తరువాత చెస్టర్-లె-స్ట్రీట్ అనే చోట నూరేళ్ళ పైచిలుకు ఆగారు. మళ్ళీ భయం పుట్టి 995లో బయలుదేరారు.

ఇక్కడ పురాణం అందుకుంటుంది. దారిలో ఒకచోట పెట్టె కదలనని మొరాయించింది. ఎందరు పట్టినా లేవలేదు. ఉపవాసాలు చేస్తే, డన్‌హోమ్‌కు తీసుకుపొమ్మని ఒకరికి కలలో ఆనతి అయింది. ఆ చోటు ఎక్కడో ఎవరికీ తెలియదు. అంతలో ఒక పాలమనిషి, తప్పిపోయిన తన గోధుమవన్నె ఆవును చూశావా అని మరొకామెను అడగటం, డన్‌హోమ్ వైపు పోయిందని ఆమె చెప్పటం వీరి చెవిని పడింది. ఆవు వెంట పాలమనిషి, ఆమె వెంట స్వామి పెట్టె నడిచాయి. ఆవు దొరికినచోట స్వామి నిలిచాడు. డన్‌హోమే కాలక్రమాన డర్హమయింది. ఆ ఆవు బొమ్మ కథీడ్రలు వెలుపలి గోడమీద చెక్కి ఉంది.

తిరుమలలో పుట్టమీద పాలు కురిపించిన ఆవు కథ విని పెరిగినవారికి ఇందులో వింత ఏముంది! మా ఆవిడ ఆ శిల్పాన్ని చూసి, "ఎక్కడైనా దేవుడి దారి గోమాతకే తెలుసు" అన్నది. దాడులకు వెరచి దేవుణ్ణి మోసుకుపోవటం కూడా మనకు కొత్త కాదు. 14వ శతాబ్దంలో శ్రీరంగం మీద దండు వచ్చినప్పుడు రంగనాథుని ఉత్సవమూర్తిని భక్తులు రహస్యంగా దాటించారు. ఆ స్వామి తిరుమలలో తలదాచుకుని, 1371లో తిరిగి శ్రీరంగం చేరాడు. తిరుమల ఆలయంలోని రంగనాయకుల మండపం ఆ అతిథి పేరు నిలబెట్టుకున్నదే.

ఇంకొక ముచ్చట. కత్‌బర్ట్ పెట్టెను మోసినవారిలో ముఖ్యులు ఏడుగురని 12వ శతాబ్దం మొదట్లో డర్హం చరిత్ర రాసిన సిమియన్ అనే సన్యాసి చెప్పాడు. తమ పూర్వీకులు ఆ పెట్టె మోసినవారని ఆయన కాలం నాటికి కూడా వారి సంతతివారు గర్వంగా చెప్పుకునేవారట. అంటే రెండువందల ఏళ్ళ తరువాతి మాట. వలసవచ్చినవారి సంతతి దేన్ని తలచుకుని గర్వపడుతుందన్న ప్రశ్న నా మనసులో అప్పుడే పడింది.

తొమ్మిది వందల ఏళ్ళ రాయి

ఇప్పుడున్న కథీడ్రలుకు శంకుస్థాపన 1093 ఆగస్టు 11న జరిగింది. అప్పటికి వేంగి, చోళ రాజ్యాలు రెండింటినీ కులోత్తుంగుడు ఏలుతున్నాడు. మన రాజరాజనరేంద్రుని కొడుకే ఆయన. నలభై ఏళ్ళలో, అంటే 1133కల్లా, డర్హంలో ముఖ్యమైన కట్టడం పూర్తయింది. లోపల అడుగుపెట్టగానే కళ్ళు స్తంభాలమీద నిలుస్తాయి. కొన్నింటిమీద కోణాలు కోణాలుగా గీతలు, కొన్నింటిమీద వజ్రాకారపు గళ్ళు చెక్కారు. ఒక్కొక్క స్తంభం చుట్టుకొలత ఎంతో ఎత్తూ అంతే, రమారమి 22 అడుగులు. నలుగురు మనుషులు చేతులు చాపి కౌగిలించుకుంటే గాని ఒక స్తంభం పట్టుబడదు.

తల ఎత్తి చూస్తే అసలు విద్య కనిపిస్తుంది. పైకప్పు అంతా రాయి. ఇరుప్రక్కల స్తంభాల నుంచి రాతి పక్కటెముకలు బయలుదేరి, నడుమ ఒకదానినొకటి దాటి, అవతలి స్తంభాలకు దిగుతాయి. వాటి నడుమ పలుచని రాతిపొర పరిచారు. బరువంతా పక్కటెముకల మీదుగా స్తంభాలకు, స్తంభాల నుంచి నేలకు దిగుతుంది. వంపులు నడుమ మొనదేలి ఉండటం వల్ల ఎక్కువ తక్కువ వెడల్పులను ఒకే ఎత్తున కలపటం కుదిరింది. ఇంత పెద్ద ఎత్తున ఈ పద్ధతిని నడిపించిన తొలి కట్టడాలలో ఇదొకటి. తరువాత ఐరోపా అంతటా లేచిన గోథిక్ చర్చిలకు దారి వేసినవాటిలో ఇదీ ఉంది.

మన శిల్పులు వేరే దారిన నడిచారు. వారు స్తంభంమీద రాతిదూలం పరిచారు. రాతిదూలం ఎక్కువ దూరం సాగితే విరుగుతుంది గనుక స్తంభాలు దగ్గర దగ్గరగా వచ్చాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి (1163) అటువంటిది. 1213 నాటి రామప్పగుడిలో ఇంకో ఉపాయం పన్నారు. పునాదిలో ఇసుక నింపి భూమి అదురును తట్టుకునేట్టు చేశారు, పైన విమానానికి నీళ్ళమీద తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. డర్హంవారు బరువును దారి మళ్ళించారు, మనవారు బరువునే తగ్గించారు. డర్హం 1986లో, రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. మనవరాలికి ఈ మాట చెబితే, "రామప్పగుడి నేనెందుకు చూడలేదు?" అని అడిగింది. తప్పు నాదే. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ బంధువుల ఇళ్ళకూ బట్టలకొట్లకూ మధ్య తిప్పి తీసుకువచ్చాం.

పిల్లలతో వెళ్ళేవారికి ఇంకొక ఆకర్షణ ఉంది. హారీ పోటర్ తొలి చిత్రాలలో బడి వరండాలుగా కనిపించేవి ఈ కథీడ్రలు వరండాలే. ఓపిక ఉన్నవారు 325 మెట్లెక్కి నడిమి గోపురం మీదికి వెళ్ళవచ్చు. నేను కిందనే కూర్చుని అందరి చెప్పుల సంచులూ కోట్లూ కాపలా కాశాను.

తలుపు తట్టినవారు

ఉత్తరపు వాకిలికి సింహం ముఖం వంటి పెద్ద కంచు కడియం వేలాడుతూ ఉంటుంది. అసలుది లోపలి ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది, తలుపుకున్నది దాని నకలు. పూర్వం నేరం మోపబడి ప్రాణభయంతో పరుగెత్తి వచ్చినవాడు ఆ కడియం పట్టుకుని తలుపు కొడితే సన్యాసులు లోపలికి తీసుకునేవారు. 37 రోజులు అన్నం పెట్టి ఉంచుకునేవారు. ఈలోగా అతను రాజుతో రాజీపడాలి, లేదా దేశం విడిచిపోవాలి. దేశం విడిచేవాడికి నల్లని వస్త్రం తొడిగి, భుజాన పసుపుపచ్చ శిలువ గుర్తు కుట్టి, రేవుదాకా పంపేవారు.

అదే కప్పుకింద మరో కథ. 1650 సెప్టెంబరులో డన్‌బార్ యుద్ధంలో క్రామ్వెల్ సేన స్కాట్లండు సేనను ఓడించింది. పట్టుబడ్డవారిని కాలినడకన తోలుకువచ్చి సుమారు మూడువేలమందిని ఈ కథీడ్రలులో బంధించారు. చలికీ ఆకలికీ రోగానికీ సుమారు 1700 మంది చనిపోయారు. వాళ్ళు చలి కాచుకునేందుకు లోపలి కొయ్యపనినంతా విరిచి తగలబెట్టారు. గడియారం ఒక్కటి మిగిలింది. దానిమీద తమ దేశపు చిహ్నమైన ముళ్ళపువ్వు చెక్కి ఉండటంవల్ల వదిలేశారని అంటారు. 2013లో పక్కనే భవనం పనులకు తవ్వుతూంటే ఎముకలు బయటపడ్డాయి. అవి ఆ ఖైదీలవేనని 2015లో తేలింది. బ్రతికినవారిలో సుమారు 150 మందిని ఓడనెక్కించి అమెరికాకు, మసాచుసెట్సు వైపు, గడువు కూలీలుగా అమ్మివేశారు.

మనం ఈ దేశానికి చదువుకో ఉద్యోగానికో టిక్కెట్టు కొనుక్కుని వచ్చాం. ఆ 150 మందికి టిక్కెట్టు వాళ్ళ వెలలోనే కలిసింది. అమెరికాకు వచ్చిన దారులన్నీ ఒకటి కాదని మన పిల్లలకు ఎక్కడో ఒకచోట చెప్పాలి. చెప్పటానికి ఆ గడియారం కింది చోటు మంచిది.

నేలమీద నల్లరాతి గీత ఒకటి ఉంది. సన్యాసుల కాలంలో ఆడవాళ్ళు ఆ గీత దాటి బలిపీఠం వైపు రాకూడదు. మా మనవరాలు దానిమీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి నిలబడింది. ఇంగ్లండు చర్చిలో 1994 నుంచి స్త్రీలు అర్చకులు కూడా అయ్యారని అక్కడి సేవకురాలు చెప్పి, ఆ పిల్ల తల నిమిరింది.

బందరు వెళ్ళిన డర్హం కుర్రవాడు

మూడవరోజున బందరు సంగతికి వచ్చాం. కథీడ్రలుకూ కోటకూ నడుమ పాలస్ గ్రీన్ అనే పచ్చికబయలు ఉంది. డర్హం గ్రామర్ స్కూలు 1844 దాకా ఆ బయలు పక్కనే ఉండేది. అందులో చదివినవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్. 1817లో డర్హం కౌంటీ తీరాన వెస్టోలో పుట్టాడు. తరువాత రగ్బీలో, ఆక్స్‌ఫర్డులో చదివాడు. 1841లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, భార్య ఎలిజబెత్‌తో కలిసి చర్చి మిషనరీ సొసైటీ తరపున మచిలీపట్నం చేరాడు. అతనితోపాటు వచ్చినవాడే రాబర్ట్ నోబుల్. నోబుల్ 1843లో బందరులో బడి పెట్టాడు. అదే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. ఫాక్స్ మాత్రం బడిలో కూర్చోక, తెలుగు నేర్చుకుని ఊళ్ళమ్మట తిరిగాడు.

ఆ ఎండ అతనికి సరిపడలేదు. ఆరోగ్యం చెడి నీలగిరులలో చాలాకాలం ఉండవలసి వచ్చింది. 1844లో తిరిగి బందరు వచ్చాడు. 1845లో భార్యకు జబ్బు ముదిరింది. ఇంగ్లండు తీసుకుపోదామని మద్రాసులో ఓడ ఎక్కించిన కొద్ది గంటలకే ఆమె కన్నుమూసింది. ఫాక్స్ ఇంగ్లండు వెళ్ళి, 1846లో ఒంటరిగా మళ్ళీ మన తీరానికి వచ్చాడు. మరి రెండేళ్ళకు ఒళ్ళు పూర్తిగా చెడి స్వదేశం చేరాడు. 1848 అక్టోబరు 14న డర్హంలో చనిపోయాడు. అప్పటికి ముప్పయ్యొక్క ఏళ్ళు. అన్నగారు జార్జి టౌన్షెండ్ ఫాక్స్ అతని జీవితచరిత్ర రాసి 1850లో అచ్చువేశాడు.

ఊరి అంగడిబజారులో సెయింట్ నికొలస్ చర్చి ఉంది. ఆ అన్నగారు దానికి అర్చకుడుగా ఉన్నాడు. తరువాత 1882 నుంచి 1895 వరకు అక్కడ అర్చకత్వం చేసినవాడు హెన్రీ ఇలియట్ ఫాక్స్. ఆయన మన ఫాక్స్ కొడుకు. పుట్టింది 1841లో, మచిలీపట్నంలో. బందరులో పుట్టిన బిడ్డ డర్హం నడిబజారులో పదమూడేళ్ళు ప్రసంగాలు చేశాడన్నమాట. ఆ చర్చిముందు నిలబడి ఈ మాట చెబితే మావాళ్ళు ముందు నమ్మలేదు.

ఇక్కడ ఒక్కమాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఫాక్స్ తెలుగు నేర్చింది పోతనను చదువుకుని ఆనందించటానికి కాదు. మన నమ్మకాలు తప్పు, తనవి ఒప్పు అని చెప్పి మనవాళ్ళను తన మతంలోకి తిప్పటానికి. అతని వెనుక కంపెనీ ప్రభుత్వపు నీడ ఉంది. 1852లో నోబుల్ బడిలో ఇద్దరు విద్యార్థులు మతం మారినప్పుడు బందరు అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి ఖాళీ అయింది. ఆ ఇళ్ళలో పడ్డ ఏడుపు తక్కువదేమీ కాదు. ఆ సంగతి మరిచి మిషనరీలకు హారతులు పట్టనక్కరలేదు.

అలాగని కథ అక్కడే ఆగలేదు. బడి మళ్ళీ నిండింది. ఆ నోబుల్ కాలేజీలోనే తరువాత రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు పాఠం చెప్పారు. ఆయన శిష్యుడే కృష్ణాపత్రికను నడిపిన ముట్నూరి కృష్ణారావుగారు. ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావుగార్లు పూనుకుని 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. తెల్లవారు తెచ్చిన చదువుతోనే తెల్లవారి దొరతనాన్ని ఎదిరించే చదువు పుట్టింది. తెచ్చినవాడి ఉద్దేశం ఒకటి, అందుకున్నవాడి ఉపయోగం మరొకటి.

నాకు మనసున నాటుకున్నది వేరే విషయం. ఇరవై నాలుగేళ్ళ పరదేశి, సరైన పాఠ్యపుస్తకాలు లేని రోజుల్లో, జ్వరాలతో, ఉక్కపోతలో తెలుగు నేర్చుకున్నాడు. అతనికి దానితో పని ఉంది గనుక నేర్చుకున్నాడు. మన పిల్లలకు ఆదివారం తెలుగు బడి ఉంది, పుస్తకాలు ఉన్నాయి, ఇంట్లో అమ్మమ్మలు ఉన్నారు. వారికి లేనిది ఆ పని. తెలుగుతో మీకు ఈ పని ఉంది అని మనం వారికి ఏదైనా చూపించామా?

బీడ్ సమాధి దగ్గర

తిరుగు రైలుకు ముందు చివరగా మళ్ళీ కథీడ్రలులోకి వెళ్ళాం. పడమటి కొసన గెలిలీ మందిరమని ఒకటుంది. సన్నని స్తంభాలతో వెలుతురుగా ఉంటుంది. అక్కడ నల్లరాతి కింద బీడ్ అనే పండితుడి అస్థికలు ఉన్నాయి. ఇంగ్లండు చరిత్రకారులలో ఆద్యుడని ఆయనకు పేరు. రాసిందంతా లాటినులో, మనవారు సంస్కృతంలో రాసినట్టు. కాని 735లో మరణశయ్యమీద ఉండి ఆయన చేస్తూ ఉన్న పని, యోహాను సువార్తను తన తల్లిభాషలోకి, ఆనాటి ఇంగ్లీషులోకి, మార్చటం. లాటిను రాని సామాన్యులకోసం. చెబుతూ ఉంటే శిష్యుడు రాసుకున్నాడు. ఆ అనువాదం ఇప్పుడు దొరకదు.

బీడ్ అస్థికలను వేరే మఠంనుంచి డర్హానికి తెచ్చింది సుమారు 1022లో. ఆ సంవత్సరం చదవగానే నేను ఉలిక్కిపడ్డాను. 1022 అంటే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తుడైన సంవత్సరం. ఆయన కొలువులోనే నన్నయభట్టారకుడు వ్యాసభారతాన్ని తెలుగు చేయటానికి పూనుకున్నాడు. ఎంతో దూరాన ఉన్న ఇద్దరు పండితులు, ఒకరి ఊసు ఒకరికి తెలియనివారు, పెద్దభాషలో ఉన్నదాన్ని ఇంటిభాషలోకి దించటమే తమ పనిగా పెట్టుకున్నారు.

నన్నయ ఆ పని ముగించలేదు. అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన అరణ్యపర్వ శేషం పూర్తిచేశాడు. మూడువందల ఏళ్ళ పని, ముగ్గురి చేతులమీద సాగింది. రథోత్సవాల నాడు, పల్లకీ సేవలనాడు బోయీలు భుజం మార్చుకోవటం మనం చూశాం. ఒకరు అలసినప్పుడు స్వామిని కిందపెట్టరు. పక్కవాడు భుజం పెడతాడు, మొదటివాడు తప్పుకుంటాడు. భారతం అలా వచ్చింది. కత్‌బర్ట్ పెట్టె అలా వచ్చింది. 875లో ద్వీపం విడిచినవారెవరూ 995లో డర్హం చేరి ఉండరు. నూట ఇరవై ఏళ్ళలో ఎన్ని భుజాలు మారాయో!

మోరిస్‌విల్ చుట్టుపట్ల మనవారు కూడా మోసుకువచ్చిన బరువును దించి గుడులు కట్టుకున్నారు. మన ఊళ్ళోనే హిందూ సొసైటీవారి ఆలయం ఉంది. కేరీలో 2009లో వేంకటేశ్వరస్వామి గుడి వెలసింది. ఆ గుడి ముందు 87 అడుగుల రాజగోపురాన్ని 2022లో రాష్ట్ర గవర్నరుగారు ప్రారంభించారు. రాయి నిలబెట్టటం మనకు చేతనయింది. డర్హంలో రాయి తొమ్మిదివందల ఏళ్ళుగా నిలిచే ఉంది. దాని నీడన ఉండిన మఠం మాత్రం 1539 డిసెంబరులో రాజాజ్ఞతో మూతపడింది. ఆనాడు సన్యాసులు పాడిన పాటలలో ఎన్నో వారితోనే పోయాయి. గోపురం తనంతట తాను నిలుస్తుంది, పాటకు గొంతు కావాలి.

ఏడుగురు మోసినవారి సంతతి గర్వపడిన సంగతి పైన చెప్పాను. మన పిల్లలు కూడా, మా తాతలు తెలుగువాళ్ళు అని గర్వంగానే చెబుతారు. నాకు అందులో లోటేమీ కనబడదు. కాని పెట్టె మోసినవారి మనవలమని చెప్పుకోవటం వేరు, పెట్టెకు భుజం పెట్టటం వేరు. మొదటిదానికి పుట్టుక చాలు. రెండవదానికి ఎవరో పిలిచి, "నాయనా, కాస్త ఈ కొస పట్టుకో" అని అడగాలి. అడగవలసింది మనమే.

అందుకని ఇల్లు చేరాక ఒక పని మొదలుపెట్టాను. మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు, నీలిరంగు ఎయిరోగ్రాములు, ఒక పెట్టెలో ఉన్నాయి. గుండ్రని చేతిరాత, కొంత మా ఊరి యాస. వాటిని మా మనవరాలి చేత చదివిస్తున్నాను. ఆమె ముత్తవ్వ ఏం తిన్నదో, ఎవరిమీద కోప్పడిందో, ఏ ఆవు ఈనిందో ఆ ఉత్తరాల్లో ఉంది. మరెవరూ ఆ సంగతులు ఆమెకు ఇంగ్లీషులో చెప్పరు. తెలుగుతో ఆ పిల్లకు ఇప్పుడొక పని దొరికింది. వారానికి ఒక ఉత్తరం చొప్పున నడుస్తోంది. మొన్న ఒక మాట దగ్గర ఆగి, "తాతయ్యా, పాడిగేదె అంటే ఏమిటి?" అని అడిగింది.

మీ ఇళ్ళలోనూ అటువంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఇంగ్లండు వెళ్ళినప్పుడు మూడు రోజులు మిగిలితే డర్హం వెళ్ళిరండి. మిగలకపోతే ముందు ఆ పెట్టె తెరవండి.